దేని మర దానికే

శవాన్ని తీసుకెళ్లి గంటయింది. అయినా ఇన్‌స్పెక్టర్ ఇంకా పనిగది గుమ్మంలోనే నిలబడి మీసాలు దువ్వుకుంటున్నాడు. హత్య జరిగిన చోట ఆయన ముందుగా వెతికేది వేలిముద్రల కోసం కాదు, అద్దం కోసం.

"రండి మేడమ్, రండి. కాస్త ఆలస్యమైంది మీకు. కేసు అయిపోయింది," అన్నాడు.

"మీ కేసులు ఎప్పుడూ తొందరగానే అయిపోతాయి ఇన్‌స్పెక్టర్ గారూ. కోర్టుకెళ్లాకే మళ్లీ మొదలవుతాయి," అంటూ డిటెక్టివ్ ఆయన చంక కిందనుంచి లోపలికి దూరింది.

ఆమె పొట్టి మనిషి. యాభై దాటాయి. బుగ్గన ఎప్పుడూ ఓ లవంగం ఉంటుంది. పోలీసు శాఖలో ఆమెను ఎదురుగా 'మేడమ్' అనీ, వెనకాల 'కాకరకాయ' అనీ అంటారు. రెండింటిలో ఆమెకు రెండోదే నచ్చుతుంది, అందులో అబద్ధం లేదు గనక. ఇన్‌స్పెక్టర్‌కి ఆమె పెట్టుకున్న పేరు 'మీసాలు'. ఆ మనిషిలో శ్రద్ధగా పెంచిన భాగం అదొక్కటేనని ఆమె నమ్మకం.

పాత నగల వ్యాపారానికి పేరుమోసిన ఇల్లది. ముందు హాల్లో దుకాణం, పైన కాపురం, వెనక పనిగది. ఇంటి పెద్దకొడుకే యజమాని. ఈ ఉదయం పనిగదిలో తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. పక్కనే సుత్తి పట్టుకుని నిలబడి ఉంది చిన్నకోడలు. పాత నగలు బాగుచేయడం ఆ ఇంట్లో ఆమె పని. మొగుడు పోయినా ఆ పనిబల్లను వదలని మనిషి. పోలీసులు వచ్చేలోపు ఆమె ఒకే ఒక్క ఫోను చేసింది. "పిన్నీ, నేను కాదు. నువ్వు తొందరగా రా," అంది.

డిటెక్టివ్ ఆమెకు దూరపు పిన్ని. పెళ్లిళ్లకు పోదు, చావులకు పోదు, ఎవరింటికీ పోదు. కానీ ఈ పిల్లను చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పింది. ఇప్పుడు బయట జీపు సిద్ధంగా ఉంది. ఎక్కించడం మీసాలకు క్షణం పని. దింపడానికి ఏళ్లు పడుతుంది. డిటెక్టివ్‌కి గుండెల్లో రాయి పడ్డట్టే ఉంది. ఆ సంగతి ముఖంలో కనబడితే మీసాలు పండగ చేసుకుంటాడని లవంగాన్ని గట్టిగా కొరికింది.

చిన్నకోడలు కిటికీ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. వెనక ఒక ఆడ కానిస్టేబులు.

"సుత్తి ఎందుకు పట్టుకున్నావే?"

"కిందపడి ఉంది పిన్నీ. తీసి బల్ల మీద పెడదామని."

"మనిషి చచ్చి పడుంటే నువ్వు సామాను సర్దుతున్నావా?"

"చచ్చాడనుకోలేదు. బల్ల కింద దూరి రాయి వెతుక్కుంటున్నాడనుకున్నా. ఇక్కడ రోజూ ఎవరో ఒకరం అలాగే నేలమీద పడి వెతుకుతుంటాం గదా. సుత్తి మొహానికి చిన్న గీత పడినా సరే, అది కొట్టిన ప్రతి రేకు మీదా ఆ గీత దిగుతుంది. అందుకని ముందు దాన్ని తీశా. తర్వాత… బావగారి కింద నెత్తురు చూశా."

"విన్నారుగా?" అన్నాడు మీసాలు, ఎవరో చప్పట్లు కొడతారన్నట్టు చుట్టూ చూస్తూ. "బావగారి తలకాయ కంటే సుత్తి మొహం ముఖ్యమట! దాని మీద ఈమె వేలిముద్రలు తప్ప ఇంకెవరివీ లేవు."

"ఆమె సుత్తి మీద ఆమె ముద్రలు గాక మీవి ఉంటాయా? మీ ఇంట్లో గరిటె మీద ఎవరి ముద్రలుంటాయో ఎప్పుడైనా చూశారా? మీవి మాత్రం ఉండవు. అంతమాత్రాన మీరు భోజనం చేయడంలేదని ఎవరూ అనరు. సరే, కారణం చెప్పండి."

"నిన్న ఇద్దరూ కేకలేసుకున్నారు. రేపు మ్యూజియం వాళ్లొచ్చి ఈ ఇంటి నగలు పట్టుకెళ్తున్నారు. పెద్ద పెద్దవాళ్లొస్తారు. ఈ మసి, ఈ బల్ల చూడ్డానికి బాగోదు, ఎత్తేయమన్నాడట ఆయన. ఈమె ఎత్తనందట. చాలదా?"

"బల్ల కోసం బావను చంపిందా?"

"బల్లే ఆమెకు బతుకు మేడమ్."

ఆ మాట నిజం. మీసాల నోటివెంట నిజం రావడం డిటెక్టివ్‌కి అసలు నచ్చలేదు. ఆయనకు వీపు చూపించి గది మీద పడింది.

బల్ల మీద అన్నీ వరుసగా ఉన్నాయి. ఆకురాళ్లు, పట్టకారులు, తీగ లాగే పలక, ఏ పనిముట్టు చోటు దానిదే. ఒక్కటే తేడాగా ఉంది. గ్యాస్ పొయ్యి పక్కన బంగారం కరిగించే మూస నేల మీద బోర్లాపడి ఉంది. ఆమె వంగి తిప్పి చూసింది. లోపల గాజులాగా మెరుస్తున్న పూత. వేలు పెట్టి రుద్దింది.

"ఇదేమిటే?"

"వెలిగారం," అంది చిన్నకోడలు. "బంగారం కరిగించే ముందు మూసలో చల్లి మంట పెడతాం. అది కరిగి గాజులా పరుచుకుంటుంది. అప్పుడు బంగారం వేస్తాం. కానీ నేను నిన్నా ఇవాళా ఏమీ కరిగించలేదు పిన్నీ. అది నిన్న పొడిగా, శుభ్రంగా ఉంది."

"దీంట్లో బంగారం పడిందా?"

చిన్నకోడలు మెడ చాచి చూసింది. "లేదు. పడుంటే అడుగున పసుపు చారో, చిన్న పూసో మిగిలేది. ఊరికే వెలిగారం కరిగించి వదిలేశారు."

"అన్నం వండాలని ఎసరు పెట్టారు, బియ్యం వేయలేదన్నమాట," అంది డిటెక్టివ్. "ఇన్‌స్పెక్టర్ గారూ, ఈ మూస మీ లిస్టులో ఉందా?"

"పనిగదిలో మూస ఉంటుంది మేడమ్. వంటింట్లో గిన్నె ఉంటుంది. అన్నీ రాసుకుంటూ కూర్చుంటే తెల్లారుతుంది."

"మీకు ఎలాగూ తెల్లారదు గానీ, ఇది జాగ్రత్తగా కట్టించండి. చచ్చినాయన ఏదో కరిగించబోయాడు. ఎవరో ఆపారు. ఏమిటా వస్తువు?"

"బంగారమంతా ఇనప్పెట్టెలో ఉంది. పెట్టెకు వేసిన తాళం వేసినట్టే ఉంది. నేనే చూశాను," అన్నాడు మీసాలు.

"అయితే పెట్టెలో లేని బంగారం ఎక్కడుంది?"

"ముందు హాల్లో," అంది చిన్నకోడలు. "తాతగారి కమ్మలు. గాజు బీరువాలో."

*

ముందు హాల్లో గాజు బీరువాకు కాపలా కాస్తున్నట్టు, దాని పక్కనే కుర్చీ వేసుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. చచ్చినవాడి తల్లి. ఎనభై దాటిన మనిషి, ఒంటినిండా శాలువా కప్పుకుంది. ఒళ్లో చేతులు రెండూ ఆగకుండా వణుకుతున్నాయి. కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి.

"పెద్దమ్మగారూ, ఈ స్థితిలో మిమ్మల్ని కదిలించక తప్పడంలేదు," అంది డిటెక్టివ్.

"కదిలించు. నేనేం పగిలిపోనులే అమ్మాయ్."

ఆవిడకు అవతల ప్రొఫెసర్ ఉన్నాడు. ఈ ఇంటి నగల చరిత్ర రాసిన పెద్దమనిషి. పసిపిల్లవాణ్ణి పొదువుకున్నట్టు రెండు చేతులా పుస్తకాన్ని పొదువుకున్నాడు. అట్ట మీద పాతకాలం ఫొటో: గడ్డం పెంచిన ఒక పెద్దాయన, కంటికి భూతద్దం బిగించుకుని, చేతిలో కమ్మ పట్టుకుని. ఈ ఇంటికి మూలపురుషుడు ఆయనే. ముసలావిడకు స్వయానా మామగారు.

"దయచేసి బీరువా ముట్టుకోకండి," అన్నాడు ప్రొఫెసర్. "ఆ కెంపుల కమ్మలు ఆయన చేసిన ఆఖరి జత. పాతకాలపు నగల తయారీలో అది శిఖరం. రేపు మ్యూజియానికి వెళ్లేవాటిలో ఇవే ముఖ్యం. మీరు నా పుస్తకంలో ఆరో అధ్యాయం చదివితే—"

"చదవను. మీరే రెండు ముక్కల్లో చెప్పండి. ఇందాకటి నుంచి చెప్పాలని గింజుకుంటున్నారుగా."

ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది గానీ, చెప్పాలన్న ఆశ అంతకంటే పెద్దది. "ఆ రోజుల్లో కమ్మకు కాడ, వెనక మర, అన్నీ చేత్తో కోసేవారు. ఈ మహానుభావుడి ప్రత్యేకత ఏమిటంటే, ఆయన కోసిన మర దేనిది దానికే. కుడి కమ్మ మర ఎడమదానికి పట్టదు. మారిస్తే కాడ పాడవుతుంది. ఏ మర ఏ కమ్మదో తెలియడానికి ఒకదాని మీద సూదిమొనంత చుక్క పెట్టేవాడు. అదే ఆయన సంతకం. చరిత్రలో—"

"ఒక మర రెండోదానికి పట్టకపోవడం గొప్పా? మా వీధిలో తాళాలు చేసేవాడు కూడా అంతేనండి. వాడి మీద ఎవరూ పుస్తకం రాయలేదు."

ముసలావిడ పెదవి చివర ఏదో కదిలింది. డిటెక్టివ్ చూసింది గానీ, అప్పటికి దానికి అర్థం తోచలేదు.

బీరువా తాళంచెవి పక్కనే మేకుకు వేలాడుతోంది. ఎవరైనా తీయొచ్చు. పెద్ద కాపలా! చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే ఇళ్లన్నీ ఇంతే, చెట్టుకు దండం పెడతారు గానీ దడి కట్టరు. డిటెక్టివ్ తలుపు తీసి కమ్మలు చేతిలోకి తీసుకుంది. ఎర్రగా, నిండుగా, చిన్న దానిమ్మ పువ్వుల్లా ఉన్నాయి. నగలంటే గిట్టని ఆమె చెయ్యి కూడా ఒక్క క్షణం ఆగింది. వెనక్కి తిప్పింది. ఒక కమ్మ గుంటలో తెల్లటి పొడి ఇరుక్కుని ఉంది. నాలుక చివర అంటించుకుని ఉమ్మేసింది.

"వెలిగారం," అంది. "ఇన్‌స్పెక్టర్ గారూ, మూసలో పడాల్సిన బియ్యం ఇదే. ఇవి పొద్దున పనిగదికి వెళ్లాయి. మళ్లీ నడిచి ఇక్కడికి వచ్చాయి."

మీసాలు దగ్గరికొచ్చి చూశాడు. మొదటిసారి మీసం మీదనుంచి చెయ్యి తీశాడు.

మరలు కూడా సరిగ్గా బిగించి లేవు. ఒకటి రెండు చుట్లు తిప్పి వదిలేసినట్టు వేలాడుతున్నాయి. ఆమె రెండూ ఊడదీసి అరచేతిలో వేసుకుంది. అంతలో గుమ్మంలోంచి చిన్నకోడలు కేక పెట్టింది.

"అయ్యో, కలపకు పిన్నీ!"

"మేడమ్! మరలు! మరలు!" ప్రొఫెసర్ పుస్తకం జారవిడిచాడు.

అప్పుడు గుర్తొచ్చింది డిటెక్టివ్‌కి. ఇందాకే కదా పాఠం చెప్పించుకుంది! ఎంత వెటకారంగా వింటే అంత తొందరగా మరిచిపోవడం ఆమెకు మొదటినుంచీ ఉన్న జబ్బు. అరచేతిలో రెండు మరలూ కవలల్లా ఉన్నాయి. చుక్క ఉన్నది ఏ కమ్మదో దేవుడికే తెలియాలి. చేసేదేమీ లేక ఒకటి తీసి ఒక కాడకు పెట్టి తిప్పింది. వెన్నలో వేలు దిగినట్టు దిగింది. అమ్మయ్య అనుకుని రెండోది రెండోదానికి తిప్పింది. అదీ దిగింది. ఏదో అనుమానం వచ్చి, ఈసారి కావాలనే మరలు అటూఇటూ మార్చి పెట్టింది.

మళ్లీ రెండూ దిగాయి.

ఆమె వాటిని ప్రొఫెసర్ కళ్లముందు పెట్టింది.

"ప్రొఫెసర్ గారూ, మీ ఆరో అధ్యాయం ఎంత పొడుగు?" అంది డిటెక్టివ్.

"అసంభవం," అన్నాడాయన.

చిన్నకోడలు కానిస్టేబులును దాటుకుని వచ్చింది. తనే తిప్పి చూసింది, మార్చి చూసింది. "నేనొచ్చిన దగ్గర్నుంచీ వీటిని తుడిచేది నేనే పిన్నీ. మర తీయగానే దాని కమ్మ పక్కనే పెడతాం. చెయ్యి దానంతటదే అలా పెట్టేస్తుంది. మార్చి చూద్దామని ఒక్కసారి కూడా అనిపించలేదు. ఎవరికైనా ఎందుకు అనిపిస్తుంది?"

అదీ సంగతి! పని తెలిసినవాళ్లు గనకే ఈ ఇంట్లో ఇన్నేళ్లూ ఒక్కరికీ తెలియలేదు. తెలియని మొద్దు ఒకర్తి వచ్చి అరచేతిలో కలిపేసేదాకా బయటపడలేదు.

"అంటే ఇవి ఆ మహానుభావుడివి కావు. ఇప్పటి మిషను సరుకు. నకిలీ," అంది డిటెక్టివ్.

అనేశాక గానీ ఆమెకు తన తప్పు తెలిసిరాలేదు. మీసాల ముఖం వెలిగిపోయింది.

"థాంక్స్ మేడమ్! నాకు తక్కువైంది ఇదే. బల్ల కోసం చంపిందంటే జడ్జిగారు నవ్వేవారేమో. ఇప్పుడెవరు నవ్వుతారు? అసలు కమ్మలు ఈవిడ కాజేసింది. నకిలీ జత చేసి బీరువాలో పెట్టింది. బావగారు పసిగట్టాడు. నకిలీని కరిగించేసి పరువు దక్కించుకుందామనుకున్నాడు. ఈవిడ సుత్తి అందుకుంది. ఈ ఇంట్లో ఇలాంటివి చేయగల చెయ్యి ఇంకెవరికుంది? కానిస్టేబుల్, జీపు గుమ్మం దగ్గరికి రమ్మను!"

"నేను అరిచాను గదా, కలపొద్దని!" అంది చిన్నకోడలు. "నకిలీవని తెలిస్తే ఎందుకు అరుస్తాను?"

"నటన," అన్నాడు మీసాలు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. తన వెటకారం, తన తెలివి, రెండూ కలిసి పిల్ల మెడకు తాడు పేనాయి. డిటెక్టివ్‌కి మీసాల మీద కంటే తన మీదే ఎక్కువ అసహ్యం వేసింది. ఆ అసహ్యంలోనే ఒక సంగతి మెరిసింది. మరలు కలిపినప్పుడు చిన్నకోడలు అరిచింది. ప్రొఫెసర్ అరిచాడు. ఈ ఇంటి నగల మధ్య ముసలిదైపోయిన మనిషి మాత్రం కిమ్మనలేదు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నవాణ్ణి పట్టుకోవడం పాత పద్ధతి. ఇక్కడ అందరూ తడుముకున్నారు, ఒక్కరు తప్ప. మరలు మారినా పడతాయని ఆ ఒక్కరికి ముందే తెలుసు.

తెలిస్తే మాత్రం ఏం లాభం? అడిగితే చెప్పే మనిషిలా లేదు. కోడల్ని జీపెక్కిస్తామంటుంటే కనురెప్ప వేయని మనిషి బతిమాలితే కరుగుతుందా? డిటెక్టివ్‌కి బతిమాలడం ఎలాగూ చేతకాదు. చేతనైంది ఒకటే ఉంది.

కమ్మను రెండు వేళ్లతో ఎత్తి, కుళ్లిన కూరగాయను చూసినట్టు చూసింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఒక్క విషయం. ఇది మా పిల్ల పని కాదు. మా పిల్ల ఇంత చెత్తగా చేయదు."

"చెత్తగానా?"

"మరేమిటి? చూడండి ఈ రాళ్లు, అప్పడాలు పేర్చినట్టు పేర్చారు. ఈ అంచు చూడండి. ఎవరో పనిలేని ఆడమనిషి పొద్దుపోక గీకినట్టుంది. ఇక మరలా? బజారులో గంపెడు దొరుకుతాయి. మిషన్లో ఇటు ఇనుము పెడితే అటు రాలతాయి. ఆ మహానుభావుడు బతికుంటే దీన్ని చెప్పుతో తొక్కేవాడు. కదా ప్రొఫెసర్ గారూ?"

ప్రొఫెసర్ గాలివాటం మనిషి. అప్పటికే పార్టీ మార్చేశాడు. "నిజమే. ఇప్పుడు శ్రద్ధగా చూస్తే… ఇందులో ఆ ప్రాణం లేదు. ఆ దివ్యహస్తం లేదు. అనుకరణ. నాసిరకం అనుకరణ."

"నాసిరకమా?"

ముసలావిడ గొంతు పెద్దది కాదు. కానీ మీసాలు కూడా అటు తిరిగాడు.

"నిన్నటిదాకా ఇదే కమ్మను కళ్లకద్దుకున్నావు కదరా. శిఖరం అన్నావు. రాత్రికి రాత్రి ప్రాణం పోయిందా దానికి?" శాలువాలోంచి వణికే చెయ్యి ఒకటి బయటికొచ్చి ప్రొఫెసర్‌ని చూపించింది. "ఒక కమ్మ మర ఇంకోదానికి పట్టకపోవడం గొప్పని నలభై పేజీలు రాశావు. అది గొప్ప కాదురా, చేతకానితనం! మా మామగారికి రెండు మరలు ఒక్కలాగా కోయడం వచ్చేది కాదు. వచ్చుంటే కోసేవాడు."

"అమ్మా, ఆయన—"

"నోర్ముయ్. మిషనట, మిషను! నేను ఉక్కు పలక తెచ్చి, నా చేత్తో గాడి కోసి, కాల్చి గట్టిపడేలా దానికి నీళ్లు పట్టి, ఆ పలకతో ఈ మరలు తీశా. ఒక చలికాలమంతా పట్టింది. వెంట్రుకవాసి తేడా లేదు. అప్పటికి ఈ ఇంట్లో కరెంటే లేదు, మిషనెక్కడిది?"

ఇప్పుడు మాట్లాడితే చెడుతుంది. కాకరకాయ జీవితంలో మొదటిసారి నోరు మూసుకుని నిలబడింది.

"నేను కాపురానికొచ్చేసరికే మామగారికి చూపు లేదు," అంది ముసలావిడ. "ఊరికి తెలిస్తే గిరాకీ పోతుందని దాచారు. మా పుట్టింట్లో నేను నేర్చిన పని ఉందని నాకు ఆకురాయి ఇచ్చి వెనకగదిలో కూర్చోబెట్టారు. ఆయన ముందుగదిలో కూర్చునేవాడు. ఆ అట్ట మీద ఫొటో చూడు. కళ్లు కనబడని మనిషి భూతద్దం బిగించుకుని ఫొటో దిగాడు! ఆయన చేతిలో ఉన్న కమ్మ నాది. నీ పుస్తకంలో ఉన్న బొమ్మలు ముప్పాతిక నావి. చెట్టు పేరు ఆయనది, కాయలు నావి."

"మరి వాటి మరలు మార్చితే పట్టవే?" చిన్నకోడలు మెల్లిగా అడిగింది.

"ఎలా పడతాయి? ఆయన చేసినట్టే కనబడాలని కావాలని వంకరగా కోశాను. ఎన్నేళ్లు కోశానో! ఒక్క ఈ జత మాత్రం నాకోసం చేసుకున్నా. నాకు ఎంత పని వచ్చో అంతా పెట్టి చేసుకున్నా. ఎవడైనా పొరపాటున మరలు మారిస్తే తెలుస్తుంది కదా, ఇది ఆయన చెయ్యి కాదని. ఒక్కడూ పొరపాటు పడలేదు. అందరూ పనిమంతులే!"

ఆవిడ నవ్వింది. ఆ నవ్వులో ఆ ఇంటి మీదా, దాన్ని పొగిడిన ఊరి మీదా ఉన్న చీదరింపు అంతా ఉంది.

డిటెక్టివ్ కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "పొద్దున మీ అబ్బాయికి చెప్పారు. అంతేనా పెద్దమ్మగారూ?"

"చెప్పా. రేపు మ్యూజియం వాళ్లొస్తున్నారు, ఇప్పుడైనా నా పేరు చెప్పరా అన్నా. రుజువు చూపిస్తా రమ్మని, కమ్మలు తీసుకుని పనిగదికి వెళ్లి మరలు మార్చి చూపించా. వాడి ముఖం చూడాలి! మనం ఇన్నాళ్లూ అమ్మినవన్నీ దొంగ సరుకేనా అన్నాడు. నా సరుకు వాడికి దొంగ సరుకు! నీ పేరుకు విలువేముందమ్మా, ఎవడికి కావాలి అన్నాడు. పొయ్యి వెలిగించాడు. మూసలో వెలిగారం చల్లాడు. ఇవి కరిగించేస్తా, దొంగలెత్తుకుపోయారని చెబుతా, బల్ల చిన్నదానిది కాబట్టి అనుమానం దాని మీదికే పోతుంది అన్నాడు. కమ్మలు పట్టకారుతో పట్టుకున్నాడు." ఆవిడ ఆగింది. "మరలు ఊడదీయమని కూడా నన్నే అడిగాడు. నా చేతులు వణుకుతాయని వాడికి తెలుసు."

"సుత్తికి వణుకుతో పనిలేదు," అంది డిటెక్టివ్.

"శాలువా చెంగుతో పట్టుకున్నా. ఒక్కటే దెబ్బ. తర్వాత ఇవి తెచ్చి బీరువాలో పెట్టా. మరలు బిగించడం నా వల్ల కాలేదు. రెండు చుట్లు తిప్పేసరికే చెయ్యి జారిపోయింది."

చివరికి మీసాలు తన ఉద్యోగం గుర్తొచ్చి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. కమ్మల్ని పట్టుకోవడం తెలియక, చేపల్ని సంచిలో వేసినట్టు వేశాడు. ఆ కవరు అంచు మూస్తున్నంతసేపూ ముసలావిడ కళ్లు దాన్ని వదల్లేదు. కొడుకు శవాన్ని బయటికి తీసుకెళ్లేటప్పుడు కూడా ఆవిడ అంత ఇదిగా చూసి ఉండదని డిటెక్టివ్‌కి అనిపించింది. జాలి పడాలో, చీదరించుకోవాలో తెలియలేదు. రెండూ కలిగాయి.

"మేడమ్, మీ అమ్మాయిని తీసుకెళ్లొచ్చు," అన్నాడు మీసాలు నేల చూస్తూ.

ప్రొఫెసర్ పుస్తకం ఏరుకుని, అట్ట లోపలికి వచ్చేలా చంకలో పెట్టుకున్నాడు. "అచ్చయిపోయిందమ్మా. ఇప్పుడు మార్చడం కష్టం," అని గొణిగాడు. ఎవరూ ఆయన్ని అడగలేదు.

ముసలావిడ లేవబోయి తూలింది. చిన్నకోడలు ఒక్క అంగలో వెళ్లి భుజం పట్టుకుంది. ఎన్నేళ్ల అలవాటో అది. పట్టుకున్నాక గానీ జరిగిందంతా ఆమె మనసులోకి దిగినట్టు లేదు. చెయ్యి తీయకుండానే అడిగింది.

"అత్తయ్యా, నన్ను జీపెక్కిస్తామంటుంటే ఊరుకున్నారేం?"

ముసలావిడ కోడలి వైపు తిరిగింది. దాచిపెట్టాల్సిందేదీ మిగలని ముఖం అది.

"నువ్వు మనిషివి గదమ్మా. జైలుకెళ్తే ఎప్పటికైనా తిరిగొస్తావు. నేను నోరు విప్పితే వాటిని సాక్ష్యమని పట్టుకెళ్లి, పరీక్షలని కోసి ముక్కలు చేస్తారు. అవి మళ్లీ రావు."

చిన్నకోడలు అత్తగారి భుజం మీదనుంచి చెయ్యి తీసేసింది.